మైకా గనులు మూతపడిన మా ఊరు: గ్రామసభకు ఏం రాసుకుని వెళ్లాలి?

పలుగురాయి
ఆదివారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు మైకా ప్రాంతంలో, గూడూరుకూ రాపూరుకూ మధ్య ఒక చిన్న పల్లె. పేరు రాస్తే రేపు పొద్దున్నే ఊళ్లో నా మీద పంచాయితీ పెడతారు కాబట్టి రాయను. నూట ఎనభై గడపలు. నేను ఇరవై ఏళ్లుగా చెన్నైలో ఉంటున్నాను. అమ్మ మాత్రం అక్కడే ఉంది, గేదెను వదిలి రానంటుంది.

ఊరికి పడమర పక్క నాలుగు గని గుంతలు ఉన్నాయి, ఏడాది పొడవునా నీళ్లు. వాటి ఒడ్డున తవ్వి పోసిన రాయి, మైకా తుక్కు గుట్టలు. మైకా చీల్చిన షెడ్డుకు గోడలు మిగిలాయి, కప్పు లేదు. వాన వెలిసి ఎండ పడితే ఊరి బాటంతా కాకిబంగారంతో మిలమిలలాడుతుంది. వచ్చినవాళ్లు ఫోటోలు తీసుకుని పోతారు.

వచ్చే నెల గ్రామసభ. పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఏమేమి చేర్చాలో రాసివ్వమని సర్పంచి గారు నన్ను అడిగారు, కంప్యూటర్ ఉన్నవాణ్ని నేనే కాబట్టి. ఊళ్లో మూడు మాటలు వినపడుతున్నాయి. బయటి నుంచి వచ్చిన ఒక వ్యాపారి గుట్టల్లోని పలుగురాయి ఎత్తుకుపోతానని, బదులుగా గుంతలు పూడ్చి చదును చేసి, రామాలయం కట్టిస్తానని అంటున్నాడు. పంచాయతీకి అభ్యంతరం లేదని తీర్మానం ఇస్తే చాలట. కుర్రవాళ్లు పడవలు, పార్కు అంటున్నారు. పెద్దవాళ్లు ఏమీ వద్దు, తుమ్మచెట్లు మొలిచినచోట మొలవనివ్వండి అంటున్నారు.

నాకు మొదటిదాని వైపే మొగ్గు. మూడేళ్ల కిందట నా మేనల్లుడి స్నేహితుడు రెండో గుంతలో ఈతకు దిగి మళ్లీ పైకి రాలేదు. పూడిస్తే ఆ పీడ పోతుంది. మీరేమంటారు?

నిమ్మతోట
ఆదివారం, రాత్రి 9.48

పూడ్చడమా! మీరు చెన్నై నుంచి రాస్తున్నారు, నేను మీ పక్క ఊళ్లోనే కూర్చుని రాస్తున్నాను. వేసవిలో చెరువు ఎండుతుంది, బోరు గాలి కక్కుతుంది. అప్పుడు మా నిమ్మచెట్లు బతికేది గుంత నీళ్లతోనే. నిమ్మకు ఎండాకాలం కాయే డబ్బు. గూడూరు మార్కెట్లో ఏప్రిల్, మే నెలల్లో బస్తాకు పలికే ధర వానలు పడ్డాక పలకదు. ఆ రెండు నెలలు చెట్టును తడపలేకపోతే ఏడాది మొత్తం పోయినట్టే.

ఇంకో మాట, కోపం వద్దు. కండలేరు జలాశయం మాకు కూతవేటులో ఉంది. సామర్థ్యం 68 టీఎంసీలు. ఆ నీళ్లు కాలువలో మన రాష్ట్రంలోనే 152 కిలోమీటర్లు పారి, తమిళనాడు సరిహద్దు దాటి పూండి జలాశయంలో కలిసి చెన్నైకి వెళతాయి. మీ బిందెలోకి మా కొండ పక్క నీళ్లు వస్తున్నాయి. మా గుంతలో ఉన్న నాలుగు చుక్కలను మట్టితో నింపుతానంటున్నారు. న్యాయమేనా?

కాట్‌బుస్_నుంచి
ఆదివారం, రాత్రి 11.30

నేను జర్మనీలో చదువుకుంటున్నాను. నేను ఉండే ఊరి చుట్టూ ఒకప్పుడు లిగ్నైటు బొగ్గు గనులే. మూసిన గుంతల్లోకి నదుల నీళ్లు మళ్లించి సరస్సులు చేశారు. సెన్ఫ్‌టెన్‌బెర్గ్ సరస్సులో 1973లోనే ఈతకు అనుమతిచ్చారు. కాట్‌బుస్ పక్కనే 2019లో ఇంకో పెద్ద గుంతను నింపడం మొదలుపెట్టారు. ఇంగ్లండులో కార్న్‌వాల్‌లో పింగాణీ మట్టి తవ్విన గుంతలో పెద్ద పెద్ద పారదర్శక గుడారాలు వేసి తోటలు పెంచుతున్నారు, 2001 నుంచి లక్షల మంది వచ్చి చూస్తున్నారు. మీ కుర్రవాళ్ల మాట తీసిపారేయకండి.

నిమ్మతోట
సోమవారం, ఉదయం 6.15

తమ్ముడూ, మా ఊరికి బస్సు రోజుకు రెండుసార్లు వస్తుంది. అందులో ఒకటి వచ్చిందని చెప్పడమే కానీ చూసినవాళ్లు తక్కువ. లక్షల మంది దేని మీద వస్తారు?

ఇల్లెందు_బొగ్గు
సోమవారం, ఉదయం 10.05

ముప్పై నాలుగేళ్లు భూగర్భ గనిలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. మా ఇల్లెందు దగ్గర 1889లో బొగ్గు తవ్వడం మొదలైంది. సింగరేణి అన్న పేరు పుట్టింది మా పక్కనే. తర్వాత పని కొత్తగూడెం, మణుగూరు, గోదావరిఖని వైపు జరిగింది. మా బజారు మాత్రం చావలేదు. ఎందుకో తెలుసా? పింఛన్లు. ఒకటో తారీఖు రాగానే కిరాణా కొట్లో బాకీలు తీరతాయి. వారసత్వ ఉద్యోగాలతో పిల్లలు వేరే గనులకు వెళ్లి, డబ్బు ఇంటికి పంపారు.

మీకూ మాకూ తేడా అక్కడే ఉంది. మా గనికి యజమాని ఇప్పటికీ ఉన్నాడు. రోడ్డు పాడైతే జనరల్ మేనేజరు ఆఫీసు ముందు కూర్చోవచ్చు. మీ మైకా గనుల యజమానులు ఎవరి గేటు ముందు కూర్చుంటే దొరుకుతారు? కాబట్టి మీ ప్రణాళికలో మొదటి ప్రశ్న ఏం కట్టాలన్నది కాదు, ఆ గుంతలు ఇప్పుడు ఎవరివి అన్నది. ఇంకొకటి, మీ ఊళ్లో గిరిజనులు ఉంటే 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు చూడండి. బయటివాళ్లకు గని లీజు చెల్లదని ఉంది.

లాంతరు_1958
సోమవారం, రాత్రి 8.20

నేను మనవరాలిని. తాతయ్య చెబుతుంటే టైపు చేస్తున్నాను. ఆయన మాటలు ఆయనవే:

"ఆ రెండో గుంతలో నేను 1958లో చేరాను. నాకు పద్నాలుగేళ్లు, పుస్తకంలో పదహారు అని రాసుకున్నారు. మొదట బుట్ట మోశాను, తర్వాత సుత్తి పట్టాను, చివర్లో మేట్, అంటే కూలీల మీద పెద్ద, అయ్యాను. మైకా రాతిలో దిమ్మలుగా ఉంటుంది. దిమ్మ దొరికితే చేత్తో తట్టి చూసేవాళ్లం, మోగే తీరును బట్టి మంచిదో పగిలినదో తెలిసేది. పైన షెడ్డులో ఆడవాళ్లు కూర్చునేవారు. మా ఆవిడా అక్కడే. దిమ్మ అంచున సన్నని కత్తి మొన ఆనించి కొంచెం తిప్పితే పొర ఊడి వచ్చేది, ఉల్లిపొరకన్నా పలచన. అంచులు కత్తెరతో కత్తిరించేవారు. మాది పచ్చ మైకా. బీహారుది ఎర్రది, దానికి ధర ఎక్కువ. సరుకు రష్యాకు పోతుందని మేస్త్రీలు అనేవారు. 1991 తర్వాత ఆ మాటే వినపడలేదు. కలిచేడులో గని కూలీల కోసం ఆసుపత్రి ఉండేది. మైకా ఎగుమతి మీద వసూలు చేసిన సెస్సుతో నడిచేది. నా ఎడమ చెయ్యి అక్కడే కట్టు కట్టించుకున్నాను.

ఇప్పుడు అసలు మాట. మీరు గుంత అంటున్నది పైకి కనబడే నోరు మాత్రమే. మేము మైకా ఎటు పోతే అటు పోయాం. తిన్నగా వెళ్లింది లేదు, కొలిచింది లేదు. రెండో గుంత తూర్పు గోడలో, ఇప్పుడు నీళ్లు నిలిచిన మట్టానికి కింద, సొరంగం ఉంది. మొదట మనిషి నిలబడి నడిచేంత, తర్వాత వంగాలి. అది ఊరి వైపు వస్తుంది. పైకప్పు పడకుండా మధ్యలో రాతి స్తంభాలు వదిలేవాళ్లం. మూసే ముందు ఏడాది వాటిలో ఉన్న మైకా కోసం ఆ స్తంభాలు కూడా కొట్టించారు. నేనే కొట్టించాను. కూలి ఇచ్చారు, కొట్టాం.

దాని మీద లారీలు నడుపుతామంటే నాకు భయం. పార్కు పెట్టి జనాన్ని దింపుతామన్నా భయమే."

తాతయ్య ఇక్కడ ఆపేశారు. మంచినీళ్లు తాగి పడుకున్నారు.

కాట్‌బుస్_నుంచి
సోమవారం, రాత్రి 10.55

తాతగారి మాటలు చదివాక నిన్నటి నా పోస్టుకు ఒక సవరణ రాయాలి. ఇదే దేశంలో నాఖ్టర్‌స్టెట్ అనే ఊళ్లో పాత లిగ్నైటు గుంతను సరస్సుగా నింపుతున్నారు. 2009 జూలై 18న తెల్లవారుజామున ఒడ్డు విరిగి, దాని మీద ఉన్న ఇళ్లు నీళ్లలోకి జారాయి. ముగ్గురు చనిపోయారు. అక్కడ నేల తీరు వేరు, మీది గట్టి రాయి. కానీ ఇంజినీర్లు, పటాలు, కొలతలు అన్నీ ఉన్న దేశంలో జరిగింది అది. మీ దగ్గర ఉన్న పటం ఒక పెద్దాయన తలలో ఉంది. ఆయన చేయి పట్టుకుని నడిపించి ఆ దారి గీయించండి. మిగిలిన పనులు తర్వాత చూసుకోవచ్చు.

పలుగురాయి
మంగళవారం, ఉదయం 7.40

రాత్రి అమ్మకు ఫోన్ చేసి అడిగాను. "అవును, మీ నాన్న కూడా చెప్పేవాడు, బడి కింద బోలుగా ఉంటుందని" అంది, కూర గురించి చెప్పినంత తేలిగ్గా. నలభై ఏళ్లలో నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే నువ్వు అడగలేదు కదా అంది.

సర్వే_గొలుసు
మంగళవారం, మధ్యాహ్నం 2.15

రెవెన్యూ సర్వేలో ముప్పై ఏళ్లు గొలుసు లాగాను. కొన్ని విషయాలు సరిచేయాలి.

ముందుగా ఇల్లెందు అన్నగారికి: సమతా తీర్పు షెడ్యూల్డు ప్రాంతాలకు, అంటే గిరిజనుల కోసం ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతాలకు, సంబంధించినది. మీది ఏజెన్సీ కాబట్టి అక్కడ అది కవచం. నెల్లూరు మెట్టలో యానాదులు ఎంతమంది ఉన్నా ఆ ఊళ్లు షెడ్యూల్డు ప్రాంతం కిందికి రావు. గ్రామసభ తీర్మానం ఒక్కటే ఇక్కడ లీజును ఆపలేదు. అయినా ఆ వ్యాపారి దానికోసమే తిరుగుతున్నాడంటే ఆ కాగితానికి విలువ ఉందన్నమాట. ఊరికే ఇవ్వకండి.

పలుగురాయి గారూ, అడంగల్ (ఊరి భూముల లెక్క) తీయించి నాలుగు గుంతల సర్వే నంబర్లు చూడండి. గుట్ట పోరంబోకు అని ఉందా, పట్టా భూమి అని ఉందా, డీకేటీ (సర్కారు పేదలకు ఇచ్చిన భూమి) అని ఉందా? మా అనుభవంలో ఒకే గుంత రెండు నంబర్లలో, సగం ఒకరిది సగం సర్కారుది అయి ఉంటుంది. పూడ్చి చదును చేసిన మరునాడే అది ఎవరి చదును అని తగాదా మొదలవుతుంది.

గని మూసేటప్పుడు ప్రణాళిక ఇవ్వాలన్న నిబంధన 2003లో వచ్చింది. మీ గనులు అంతకు ముందే ఆగిపోయాయి కాబట్టి మూసివేత పనుల కోసం కట్టే జామీను సొమ్ము ఎక్కడా జమ అయి ఉండదు. అయితే వదిలేసిన గని నోటికి కంచె వేయాలన్న బాధ్యత 1961 నాటి లోహ గనుల నిబంధనల్లోనే ఉంది. గనుల భద్రతా విభాగానికి నెల్లూరులోనే ప్రాంతీయ కార్యాలయం ఉంది, అది అక్కడ వెలిసిందే మైకా పుణ్యాన. పాత గని పటాలు ఉన్నాయేమో రాతపూర్వకంగా అడగండి.

వ్యాపారి తొందర గురించి. మైకా, పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, ముగ్గురాయి 2015లో చిన్న తరహా ఖనిజాల జాబితాలోకి వెళ్లాయి. 2025 ఫిబ్రవరి 20న కేంద్రం వాటిని తిరిగి ప్రధాన ఖనిజాల్లో చేర్చింది. ఈ రాళ్లున్న చోటే లిథియం, బెరిల్, నియోబియం, టాంటలం వంటివి దొరికే అవకాశం ఉందన్నది కారణం. అంటే మీరు తుక్కు అనుకుంటున్న గుట్ట విలువ రేపు వేరు కావచ్చు. గుట్టలో రాయి కూడా ఖనిజమే, దానికీ రాయల్టీ, రవాణా పర్మిట్ ఉండాలి. రామాలయం ఇస్తానన్నవాడిని పర్మిట్ చూపించమనండి.

డబ్బు సంగతి: 2015 చట్ట సవరణతో జిల్లా ఖనిజ నిధి వచ్చింది. పాత లీజుదారులు రాయల్టీలో 30 శాతం, వేలంలో తీసుకున్నవాళ్లు 10 శాతం అదనంగా అందులో వేయాలి. తాగునీరు, ఆరోగ్యం, చదువు లాంటి వాటికి కనీసం 60 శాతం అని మొదట పెట్టారు, 2024 మార్గదర్శకాల్లో దాన్ని 70 చేశారు. కంచె, నీటి పరీక్ష, ఎక్స్‌రే శిబిరం అని విడివిడిగా రాసి అడిగితే ఆ నిధి దొరుకుతుంది. "ఊరి అభివృద్ధి" అని ఒక్క ముక్క రాస్తే ఆ కాగితం బీరువాలోకి పోతుంది.

ఊరి_ఆశ
మంగళవారం, రాత్రి 9.30

నేను ఇదే మైకా ప్రాంతంలో ఆశా కార్యకర్తను. ఇంతవరకూ మగవాళ్లందరూ గుంత గురించే మాట్లాడారు. గుట్ట గురించి నేను చెబుతాను.

ఆ గుట్ట ఎవరికీ పనికిరాదని మొదటి పోస్టులోనే తేల్చేసినట్టుంది. మా దగ్గర యానాది కాలనీలో పదకొండు ఇళ్లు అలాంటి గుట్ట మీదే పొయ్యి వెలిగిస్తాయి. పొద్దున్నే చిన్న సుత్తి, జల్లెడ, గోనెసంచి పట్టుకుని వెళతారు. రాయి వేరు చేసి రేకు తుక్కు సంచికి నింపుతారు. వారానికోసారి మనిషి వచ్చి తూకం వేసుకుని పోతాడు. ఆ పొడి రంగుల్లోకి, బుక్కాగుండలోకి, ఆడపిల్లలు ముఖానికి పూసుకునే మెరుపులోకి పోతుంది. లారీలు వస్తే ఇలాంటి ఇళ్లకు ఎవరు ఏమిస్తారు? గుడిలో ప్రసాదమా?

ఇంకొకటి దగ్గు. పలుగురాయి పిండి చేసేచోట పనికి వెళ్లివచ్చిన మగవాళ్లను ఎక్స్‌రేకు తీసుకెళ్లాను. క్షయ అని రాసి మందులిచ్చారు. ఆరు నెలలు వాడారు, దగ్గు తగ్గలేదు. రాతి ధూళి ఊపిరితిత్తుల్లో గడ్డకట్టే సిలికోసిస్ వేరు. రాజస్థాన్‌లో 2019 నుంచి దానికి ప్రత్యేక విధానం ఉంది, నిర్ధారణ అయితే సాయం అందుతుంది. ఇక్కడ నేను తిరిగిన చోట పనిచేసిన సంవత్సరాలు ఎన్ని అని కూడా అడగలేదు. మీ కాగితంలో "గతంలో గని, క్రషర్ పనిచేసినవారి జాబితా" అని ఒక వరుస రాయండి. పేర్లు ఇంటింటికీ తిరిగి రాసిపెట్టగలవాళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు, మీ ఆశా కార్యకర్తను అడగండి.

రామగిరి_గాలిమర
బుధవారం, ఉదయం 8.50

మాది అనంతపురం పక్క రామగిరి. కోలారుతోపాటు మా బంగారు గని 2001లో మూతపడింది. తర్వాత కొండల మీద గాలిమరలు పెరిగాయి. చూడటానికి గంభీరంగా ఉంటాయి, కరెంటూ ఇస్తాయి. అయితే గని నడిచినప్పుడు ఒక షిఫ్టు దిగుతుంటే టీకొట్టు దగ్గర నిలబడే చోటు ఉండేది కాదు. గాలిమర దగ్గర ఒక కాపలాదారు ఉంటాడు, టీ ఫ్లాస్కులో తెచ్చుకుంటాడు. రేపు ఎవరైనా మీ గుంత మీద తేలే సౌర ఫలకాలు వేస్తామని వస్తారు. వస్తే అద్దె ఎంత, ఎన్నేళ్లు, మోటార్లకు నీళ్లు ఆపుతారా అని మాత్రం అడగండి. ఉద్యోగాల గురించి అడిగి వాళ్లతో అబద్ధాలు చెప్పించకండి.

ఇల్లెందు_బొగ్గు
బుధవారం, ఉదయం 11.20

సర్వే గారి సవరణ ఒప్పుకుంటున్నాను. చేపల మాట ఎవరూ ఎత్తలేదేమిటి? జార్ఖండ్‌లోని రామ్‌గఢ్ జిల్లాలో వదిలేసిన బొగ్గు గుంతల్లో వల పంజరాలు దింపి చేపలు పెంచుతున్నారు. సహకార సంఘంగా చేస్తే యానాదులకు అది చేతిలో ఉన్న విద్యే.

నిమ్మతోట
బుధవారం, మధ్యాహ్నం 12.05

చేపలకు నేను అడ్డు కాదు. కానీ మేలో మోటార్లు పెడితే నీళ్లు రెండు నిలువులు దిగుతాయి. అప్పుడు పంజరం రాతి మీద కూర్చుంటుంది. గుంత లోతు తెలియకుండా మోటారుకూ లెక్క ఉండదు, చేపకూ లెక్క ఉండదు. ఒక గుంత చేపకు, రెండు తోటలకు అని పంచుకుంటే నాకు ఇష్టమే. నా తోట పక్కది మాత్రం చేపకు ఇవ్వను.

నిర్వాహకుడు
బుధవారం, మధ్యాహ్నం 12.40

వ్యాపారి ఎవరో ఊహించి పేర్లు రాసిన మూడు పోస్టులు తీసేశాం. పేర్లు లేకుండానే చర్చ బాగా సాగుతోంది, అలాగే సాగనివ్వండి.

పలుగురాయి
ఇరవై ఐదు రోజుల తర్వాత, ఆదివారం రాత్రి 10.15

గ్రామసభ నిన్న అయింది. మీ అందరికీ చెప్పకుండా ఉండలేను.

సభకు ముందు వారం సెలవు పెట్టి వెళ్లాను. అడంగల్ తీయిస్తే సర్వే గారు చెప్పినట్టే ఉంది. రెండు గుంతలు గుట్ట పోరంబోకు. ఒకటి పూర్తిగా పట్టా, ఆ పట్టాదారుడి మనవలు బెంగళూరులో ఉన్నారు. నాలుగోది సగం సగం. పడవలు కావాలన్న కుర్రవాళ్లనే లోతు కొలవమన్నాను. ట్యూబు మీద కూర్చుని, నైలాన్ తాడుకు బారకో ముడి వేసి, చివర తిరగలి రాయి కట్టి దింపారు. మూడు గుంతల్లో తాడు అడుగు తాకింది. రెండోదాని తూర్పు అంచున తొమ్మిది బారల దగ్గర రాయి గోడకు తగలకుండా లోపలికి ఊగింది. ఆ తర్వాత ఎవరూ పడవల మాట ఎత్తలేదు.

సభ మూడు గంటలు సాగింది. "ఊళ్లో ఉండనివాడికి ఊరి సంగతి ఎందుకు" అని ఒకాయన నన్ను నిలదీశాడు, అందులో తప్పేమీ లేదు. వ్యాపారి రాలేదు, ప్లాస్టిక్ కుర్చీలు మాత్రం పంపాడు. వాటి మీదే కూర్చుని అతని తీర్మానం వాయిదా వేశారు. పర్మిట్ కాగితాలు చూపించాక మళ్లీ చూస్తారట. రామాలయం పోయిందని మా పెద్దమ్మ ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు.

కాగితంలో చివరికి మిగిలినవి: రెండో గుంత చుట్టూ కంచె, ఖనిజ నిధి నుంచి. నాలుగు గుంతల నీటి పరీక్ష. గని, క్రషర్ పనివాళ్ల జాబితా, మా ఊరి ఆశా కార్యకర్త రాయడం మొదలుపెట్టింది, ఇప్పటికి ఇరవై మూడు పేర్లు. గుట్ట మీద తుక్కు ఏరుకునే కుటుంబాలను తొలగించేలా ఏ తీర్మానమూ చేయరాదని ఒక వాక్యం, దాన్ని పెట్టించడానికే గంటన్నర పట్టింది. చేపల సంగతి తేలలేదు. నిమ్మతోట గారు ఎవరో కూడా సభలో తెలిసిపోయింది. పక్క ఊరి నుంచి వచ్చి వెనక నిలబడి, కండలేరు అన్న మాట వచ్చినప్పుడల్లా దగ్గారు.

ఈ రోజు పొద్దున తాతగారిని మనవరాలు స్కూటీ మీద తీసుకొచ్చింది. ఒక బకెట్లో సున్నం కలిపి ఇచ్చాం. కర్ర ఊతంగా పెట్టుకుని, రెండో గుంత ఒడ్డు నుంచి మొదలుపెట్టి, ఇక్కడ వంగేవాళ్లం, ఇక్కడ దీపం పెట్టేవాళ్లం అంటూ నడిచారు. వెనకాల కుర్రవాళ్లు గీత పోస్తూ వచ్చారు. గీత తుమ్మల్లోంచి వచ్చి, బడి వాలీబాల్ కోర్టును అడ్డంగా దాటి, వీధి మలుపులో కుళాయి పక్క నుంచి పోయి, మా ఇంటి పశువుల కొట్టం మూల దగ్గర ఆగింది. "ఇక్కడ రాయి మారింది, మైకా అయిపోయింది" అన్నారు ఆయన.

అమ్మ ఏమీ అనలేదు. గేదెను విప్పి అవతల వేపచెట్టుకు కట్టేసి వచ్చింది.